వెనక లైట్లకి ఇంట్లోనే స్మోక్ లుక్: స్ప్రే కొట్టేదా, ఫిల్ము అంటించేదా?

తెల్లబండి_తిరపతి
నాది 2014 మోడల్ తెల్ల హ్యాచ్‌బ్యాకు. బండి పేరు చెప్తే మళ్ళ కంపెనీల గొడవ ఎత్తుకుంటారు, అందుకే చెప్పను. ఎండకి వెనక లైట్ల ఎర్రరంగు వెలిసిపోయి నారింజ మాదిరి అయిపోయింది. తెల్ల బండికి వెనక లైట్లు పొగరంగులో ఉంటే ఎంత బాగుంటాదో వీడియోల్లో చూసి చూసి ఇంగ ఆగలేకుండా ఉండాను. సైడ్ మార్కర్లు గూడా అదే రంగు చేసుకుంటే సెట్ అయిపోతాది. షాపుల్లో అడిగితే ఒక్కోడు ఒక్కో రేటు చెప్తా ఉండాడు, అందుకే ఇంట్లోనే చేసుకుందామని. డబ్బా స్ప్రే కొట్టేదా, ఫిల్ము అంటించేదా? చేసినోళ్ళు ఉంటే విడమరిచి చెప్పండబ్బా. వద్దనేవాళ్ళు ఎందుకు వద్దో చెప్పి వద్దనండి.

పీలేరు_పిల్లోడు
చెయ్యన్నా, కేక ఉంటాది. నా బండికి ఫిల్ము వేయించినా. లైట్లకి, బంపర్ కింద ఎర్ర పట్టీలకి, అన్నిటికీ. ఇంతవరకు ఒక్కరు గూడా ఏమీ అనలేదు.

పుత్తూరు_కట్టు
ఎనక నుంచి గుద్దినోడు అంటాడులే. ఆ తర్వాత కట్టు కట్టించుకోను మా ఊరికే రావాల.

పీలేరు_పిల్లోడు
మొదలుపెట్టినాడు సామీ. నువ్వు గమ్మున ఉండన్నా, ఆయన అడిగింది ఎట్ల చేసేదని.

రేడియం_రాజా
నాది స్టిక్కర్ కటింగ్ షాపే, కాబట్టి తెలిసింది చెప్తా. ఇంట్లో చేసేవాడికి ఫిల్మే మేలు. కారణం ఒకటే, నచ్చకుంటే పీకేయొచ్చు. స్ప్రే కొట్టినాక వెనక్కి రావాలంటే రుద్దుకుంటా కూర్చోవాల.

ముందు షాంపూ నీళ్ళతో లైటు బాగా కడుగు. మూలల్లో, రబ్బరు సందులో మట్టి ఉంటే అక్కడే ఫిల్ము లేస్తాది. లైటు కంటే నాలుగు పక్కలా రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువ ఉండేటట్టు ఫిల్ము కోసుకో. సబ్బు నీళ్ళు లైటు మీద, ఫిల్ము జిగురు పక్క రెండింటి మీదా కొట్టు. అప్పుడు ఫిల్ము జరుగుతాది, కావలసిన చోటికి తోసుకోవచ్చు. నడిమధ్య నుంచి అంచులకి స్క్వీజీతో, అంటే నీళ్ళు తోసే రబ్బరు పలకతో, నీళ్ళు తోసెయ్. వంపు తిరిగే చోట మడత పడతాది, అక్కడ హీట్ గన్ దూరంగా పట్టుకుని కొంచెం కొంచెంగా వేడి చేసి లాగు. ఎక్కువ కాల్చి లాగితే ఆ చోట ఫిల్ము పల్చబడి రంగు తేలిపోతాది, పగలు చూస్తే అదొక మచ్చ. బ్లేడుతో అంచు కోసేటప్పుడు చెయ్యి తేలిగ్గా పెట్టు. గట్టిగా నొక్కితే పక్కనుండే బాడీ పెయింటు మీద గీత పడతాది. కొత్తవాళ్ళు బండి పాడుచేసుకునేది అక్కడే.

చవక ఫిల్ము మాత్రం వద్దు. మన ఊరి మే నెల ఎండకి దాని జిగురు ఉడికిపోయి, తీసేటప్పుడు అప్పడం మాదిరి ముక్కలు ముక్కలుగా వస్తాది.

టింకరింగ్_మేస్త్రి
రాజా చెప్పింది కరెక్టే, కానీ ఫినిషింగు అడిగితే స్ప్రేదే. ఫిల్ము అంచు ఎప్పటికైనా తెలుస్తాది. చిత్తూరులో ఈ పని చేస్తా ఉండా, అడిగినాడు కాబట్టి చెప్తా.

లైటు విప్పి బయటికి తీయాల. బండి మీదే పెట్టి టేపులేసి కొడితే డిక్కీ అంచుల మీద దుమ్ము మాదిరి పొగరంగు కూర్చుంటాది. లైటుని 800 నంబరు వాటర్ పేపర్‌తో, తర్వాత 1000తో, నీళ్ళు పోసుకుంటా సమంగా తోమాల. మెరుపంతా పోయి మసకబారితేనే రంగు పట్టేది. తుడిచేదానికి టిన్నర్ మాత్రం ముట్టుకోవద్దు. వెనక లైటు ప్లాస్టిక్కు అక్రిలిక్కు. దాని మీద టిన్నర్ పడితే వెంట్రుకంత పగుళ్ళు లోపల్లోపలే పాకుతాయి. ఆ రోజు అగపడవు, పది రోజులకి అగపడతాయి. పెట్రోలు గూడా అంతే. సబ్బు నీళ్ళే చాలు.

స్మోక్ డబ్బా జానెడు కంటే కొంచెం ఎక్కువ దూరంలో పట్టుకో, చెయ్యి ఆపకుండా పోనీ. మొదటి కోటు వేసినట్టే ఉండకూడదు, అంత పల్చగా ఉండాల. పది నిమిషాలు ఆగి ఇంకోటి. కోటు పెరిగేకొద్దీ నలుపు పెరుగుతాది, రెండో కోటుకే ఆగినోడు తెలివైనోడు. రెండు లైట్లూ పక్కపక్కనే పెట్టి కొట్టాల, లేకుంటే ఒకటి బొగ్గు, ఒకటి బూడిద. ఎండలో కొట్టొద్దు, రంగు గాల్లోనే ఆరిపోయి గరుకుగా పడతాది. వాన రోజు గూడా వద్దు, తేమకి తెల్లగా పాలిపోతాది. పైన ఎండకి తట్టుకునే క్లియర్ కోటు వేయకుంటే ఒక వేసవికే పొట్టు లేస్తాది. హార్డ్‌నర్ కలిపే క్లియర్ అయితే ఇంట్లో కొట్టనే కొట్టొద్దు, ఆ ఆవిరి ఊపిరితిత్తులకి విషం. మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు.

ఎట్ల చేసేదని అడిగినావు, చెప్పినా. చేయమని మాత్రం చెప్పలేదు. నేను ఈ పని ఒప్పుకునేది మానేసి శానా కాలమైంది.

తెల్లబండి_తిరపతి
మేస్త్రీ, ఎందుకు మానేసినారు?

టింకరింగ్_మేస్త్రి
నల్లలైట్ల బండ్లు వెనక డొక్క లోపలికి పోయి మళ్ళ నా షెడ్డుకే వస్తా ఉన్నాయి. లైటు నల్లగా చేసినందుకు ఒకసారి, డిక్కీ డోరు సరిచేసినందుకు ఇంకోసారి దుడ్లు తీసుకోను మనసు ఒప్పలేదు.

హ్యూస్టన్‌లో_చంద్రగిరి
సైడ్ మార్కర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ వీడియోలు ఇక్కడివి, అమెరికావి. ఇక్కడ ప్రతి కారుకీ ముందు బంపర్ మూలలో నారింజ లైటు, వెనక మూలలో ఎర్ర లైటు పక్కకి వెలుగుతూ ఉంటాయి. 1968 నుంచి చట్టం. రాత్రి అడ్డంగా వచ్చే బండికి ఈ కారు ఎంత పొడవుందో, ఏ పక్కకి పోతోందో తెలియడానికి. మన దగ్గర అమ్మే మామూలు కార్లకి అవి ఉండవు. మీరు చూస్తున్నది ఫెండర్ మీద, లేదా అద్దం మీద ఉండే సైడ్ ఇండికేటరు. అది వేరే, తిరిగేటప్పుడు మాత్రమే కొట్టుకుంటుంది. పక్కన వచ్చే బైకువాడికి మీరు తిరుగుతున్నారని చెప్పేది అదొక్కటే. వీడియో చూసి దాన్ని నల్లగా చేస్తే, అమెరికా వాడు పోగొట్టుకునేదానికన్నా ఎక్కువ పోగొట్టుకుంటారు.

తెల్లబండి_తిరపతి
ఓహ్, అది ఇండికేటరే అన్నా. అద్దం మీదుండేది. సరే, దాన్ని ముట్టుకోను.

శెట్టిపల్లె_శైలజ
నేను రోజూ సాయంత్రం తిరుపతి నుంచి రేణిగుంట వైపు స్కూటీ మీద ఇంటికి వస్తాను. ఆ టైముకి ఎండ మన వీపు మీద ఉంటుంది, అంటే ముందు పోయే బండి వెనక లైట్ల మీద నేరుగా పడుతుంది. మామూలు ఎర్ర లైటే ఆ ఎండలో బ్రేకు వేశాడో లేదో కళ్ళు చికిలించి చూసుకోవాలి. నల్ల లైట్ల బండి ముందుంటే అసలు ఏమీ తెలియదు. బండి పెద్దదవుతూ వస్తోందంటే ఆగిందని అర్థం. ఒకసారి అట్లా ఒక నల్లలైట్ల కారు ఆటో కోసం ఉన్నట్టుండి ఆగింది. నా వెనక మా పాప కూర్చుని ఉంది. పక్కన మట్టిలోకి దించేశాను కాబట్టి సరిపోయింది. ఆ కారాయన దిగి నన్నే "చూసుకుని రావాల కదా" అన్నాడు. ఏం చూసుకోవాలి? చూడ్డానికి ఏం మిగిల్చాడు?

మీరు లైటు మీ బండికి అందం అనుకుంటున్నారు. అది మా కోసం పెట్టింది, మీకు అసలు కనపడను కూడా కనపడదు.

పీలేరు_పిల్లోడు
అక్కా, అది ముదురు ఫిల్ము వేసినోళ్ళ కథ. లేతది వేసుకుంటే అంత ఇబ్బంది ఉండదు. ఇంగా పైన అద్దంలో మూడో బ్రేక్ లైటు ఉంటాది కదా, దాన్ని ఎవురూ ముట్టుకోరు. కావాలంటే లోపల బల్బులు తీసి పవర్ ఎక్కువుండే ఎల్‌ఈడీలు వేసుకుంటే లెక్క సరిపోతాది.

ఘాట్‌రోడ్డు_స్టీరింగు
తమ్ముడూ, కొండ మీదికి ట్యాక్సీ తోలేవాడిని, ఒక మాట చెప్తా విను. దిగేటప్పుడు మేమంతా రెండో గేర్లో ఇంజను పట్టు మీదనే దిగుతాం. ఇంజను పట్టుకుంటే బండి నెమ్మదిస్తాది కానీ బ్రేక్ లైటు వెలగదు. ముందోడు మలుపు దగ్గర ఒకసారి అట్ల కాలు పెట్టి తీస్తాడే, ఆ రెప్పపాటు ఎర్ర వెలుగే ఎనకోడికి సమాచారం. అది మిస్సయితే మలుపులో మూతి పోయి డిక్కీకి తగులుతాది. ధనుర్మాసంలో తెల్లారుజామున మంచు దిగిందనుకో, ముందు బండి ఆకారమే అగపడదు. ఎర్రగా రెండు చుక్కలు, అంతే. ఆ చుక్కల్ని చూసుకునే దిగుతాం. దాంట్లో లేత నలుపు, ముదురు నలుపు అని తేడా ఏముంది?

మూడో లైటు అంటివి. అది బ్రేకుకి మాత్రమే. రాత్రి మామూలుగా పోతా ఉంటే అది వెలగదు. పాత బండ్లకి, చిన్న వేరియంట్లకి అది ఉండను గూడా ఉండదు.

టింకరింగ్_మేస్త్రి
బల్బు సంగతి నేను చెప్తా. చాలా బండ్లలో వెనక రెండు తీగల బల్బు ఒకటే ఉంటాది. మామూలుగా 5 వాట్లు, బ్రేక్ తొక్కితే 21 వాట్లు. పగలు 5 వాట్లది ఎట్లా అగపడదు, 21దే దిక్కు. ఎక్కువ వాట్ల బల్బు వేస్తే ఆ వేడికి హోల్డరు కాలతాది, లైటు ప్లాస్టిక్కు ఉబ్బుతాది. ఎల్‌ఈడీ వేస్తే, లైటు లోపలుండే మెరుపు గిన్నె చేసింది బల్బు తీగ వెలుగుకి. ఎల్‌ఈడీ వెలుగు ఒక పక్కకి కొట్టి మిగతా గడి చీకటిగా ఉంటాది. తెల్ల ఎల్‌ఈడీ ఎర్ర అద్దం వెనక పెడితే సగానికి సగం ఆ ఎర్రే మింగేస్తాది.

మొగిలి_ఘాట్_లారీ
అందరూ లైట్ల గురించే మాట్లాడతా ఉండారు. రిఫ్లెక్టర్ గురించి ఒక్కరూ ఎత్తల్యా. పీలేరు అబ్బోడు బంపర్ పట్టీలకి గూడా ఫిల్ము వేసినానని రాసినాడు చూడండి, నాకు గుండె ఝల్లుమన్నాది.

లైటు వెలగాలంటే బ్యాటరీ ఉండాల. బండి ఆగిపోయి బ్యాటరీ డౌన్ అయి రోడ్డు పక్కన నిలబడితే? చిత్తూరు బెంగుళూరు రోడ్డులో పలమనేరు తట్టు ఎక్కే ఘాట్లో రాత్రి పూట ఎన్ని కార్లు అట్ల నిలబెట్టి ఉంటాయో మా లారీవాళ్ళని అడగండి. అప్పుడు ఆ కారు ఉందని చెప్పేది రిఫ్లెక్టర్ ఒక్కటే. నా హెడ్‌లైటు వెలుగే దాని మీద పడి నాకే తిరిగొస్తాది. దానికి కరెంటు అక్కర్లేదు, ఓనరు అక్కర్లేదు. దాన్ని నల్లగా చేస్తే ఆ బండి రోడ్డు మీద ఉండే రాయి. లోడు బండికి బ్రేకు ఎంత దూరంలో పడతాదో తోలినోళ్ళకి తెలుసు.

మా లారీలకి వెనక ఎర్ర పట్టీ, పక్కల పసుపు, ముందు తెలుపు రేడియం పట్టీలు లేకుంటే ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, ఇయ్యరు. ఉత్తపుణ్యానికి పెట్టినారా అవి?

లెక్కల_అయ్యవారు
లారీ అన్న చెప్పినదానికి ఒక లెక్క. లైటు వెలుగు ఫిల్ము గుండా ఒక్కసారే బయటికి వస్తుంది. 50 శాతం ఫిల్ము అంటే సగం వెలుగునే పంపేది, కాబట్టి సగం మిగులుతుంది. రిఫ్లెక్టర్ విషయంలో వెలుగు ఫిల్ము దాటి లోపలికి పోవాలి, మళ్ళీ అదే ఫిల్ము దాటి బయటికి రావాలి. అంటే సగంలో సగం, 25 శాతం. 35 శాతం ఫిల్ము అయితే 12 శాతమే. లోపల ఎంత పెద్ద బల్బు పెట్టినా ఈ లెక్క మారదు, ఎందుకంటే ఆ వెలుగు మీ బల్బుది కాదు.

రిఫ్లెక్టర్‌ని దగ్గరగా చూడండి. పైన నున్నగా ఉంటుంది, లోపల తేనెపట్టు గడుల్లాగా చిన్న చిన్న గుంటలు. ఒక్కో గుంటకి మూడు గోడలు, ఒకదానికొకటి లంబంగా. వెలుగు ఆ మూడు గోడలకి తగిలి, వచ్చిన దిక్కుకే తిరిగి పోతుంది. అందుకే పక్కవాడికి కనపడకపోయినా హెడ్‌లైటు వేసినవాడి కంటికి మెరుస్తుంది. పరీక్ష కావాలంటే రాత్రి కరెంటు పోయినప్పుడు బండికి ముప్పై అడుగులు వెనక్కి పోయి, సెల్‌ఫోను టార్చి కణత దగ్గర పెట్టుకుని చూడండి. చేతిని కిందికి దించి పట్టుకుంటే మెరుపు తగ్గిపోతుంది, కంటి పక్కనే ఉండాలి.

పీలేరు_పిల్లోడు
అయ్యవారూ, రిఫ్లెక్టర్ సంగతి ఒప్పుకుంటా. ఈ రెండుసార్ల లెక్క ఎవురూ చెప్పల్యా. కానీ లైట్లకి లేత ఫిల్ము తప్పు కాదనే నా మాట. గ్లాసులకే 50 శాతం ఒప్పుకుంటారు కదా?

వకీలు_చిత్తూరు
రెండూ కలపొద్దు. 50 శాతం అనేది పక్క అద్దాలకి, 70 శాతం ముందు వెనక అద్దాలకి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉంది. అద్దం కనీసం అంత వెలుతురు పంపాలని దాని అర్థం. 2012లో సుప్రీంకోర్టు అప్పటి నియమాన్ని బట్టి అద్దాలకి ఫిల్మే వద్దంది. లైట్లకి అట్లాంటి శాతం ఏదీ లేదు. అదే నియమాల ప్రకారం వెనక ఎర్ర లైటు 155 మీటర్ల దూరం నుంచి కనపడాలి. నంబరు ప్లేటు మీద తెల్ల లైటు పడి 15 మీటర్ల నుంచి చదవగలగాలి.

ఇక బండిలో మార్పులు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. ఫిల్ము మార్పు కిందికి వస్తుందా రాదా అని బ్రేక్ ఇన్‌స్పెక్టరుతో రోడ్డు మీద వాదించవచ్చు, కానీ ఆ వాదనకి కూడా ఒక రోజు పోతుంది. జరిమానా కంటే నేను భయపడేది యాక్సిడెంటు కేసుకి. ఎవరన్నా వెనక నుంచి గుద్దితే తప్పు వాడిదే అని అందరూ అనుకుంటారు. లైట్లు నల్లగా ఉన్న ఫోటో అవతలి లాయరు చేతికి చిక్కితే, ఆ తప్పులో వాటా మీకూ పంచమని అడుగుతాడు.

పుత్తూరు_కట్టు
వకీలు గారు ఫీజు లేకుండా ఇంత చెప్పినారు, ముందు దండం పెట్టండి.

రేడియం_రాజా
కట్టింగులో ఒక దారి ఉండాది. లైటు అంతా వెలగదు. వెలిగే గడులు, రిఫ్లెక్టర్ గడి, రివర్స్ గడి వదిలేసి, చుట్టూ ఉత్త ప్లాస్టిక్కు ఉండే అంచుకి మాత్రం ఫిల్ము కోసి వేయొచ్చు. దూరం నుంచి చూస్తే నల్ల ఫ్రేములో ఎర్ర లైటు మాదిరి ఉంటాది. ఈ మధ్య నేను ఇట్లానే వేస్తా ఉండా, పూర్తిగా మూసేది అడిగితే లేదంటా ఉండా.

వకీలు_చిత్తూరు
రాజా గారూ, అది కూడా నాకు పూర్తిగా ఇష్టం లేదు. కానీ వెలుగు తగ్గదు కాబట్టి గొడవ పెట్టుకోను.

శెట్టిపల్లె_శైలజ
ఈ పద్ధతి అయితే నాకు అభ్యంతరం లేదు. వెనకున్న నాకు కావాల్సింది వెలిగే గడి మాత్రమే.

తెల్లబండి_తిరపతి
అయ్యవారు చెప్పిన టార్చి పరీక్ష చేసినా. మా సందులో కరెంటు పోయినప్పుడు మేడ మీద నుంచి కాకుండా రోడ్డు మీదనే నిలబడి చూసినా. బంపర్ కింది పట్టీలు నిప్పుకణికల మాదిరి మెరిసినాయి. పక్కింటోళ్ళ కారుకి మట్టి పట్టి ఉంటే, అది తుడిచినాక ఎంత మారిందో. ఒక పట్టీ మీద శాంపిల్ ఫిల్ము ముక్క పెట్టి చూస్తే అది ఆరిపోయినట్టే ఉండాది. పక్కది మాత్రం మెరుస్తానే ఉండాది. మా నాయన గూడా చూసి "ఇదేందిరా, బండికి ఒక కన్ను పోయినట్టుంది" అన్నాడు.

ఇంగొకటి గమనించినా. వెలిసిపోయిన నా లైటుకీ, పక్కింటోళ్ళ కొత్త లైటుకీ పగలు బ్రేకు తొక్కి చూస్తే నాది ఎరుపే కాదు, ఏదో పాలిపోయిన రంగు. దాని మీద మళ్ళ నల్లది వేసుంటే ఏమి మిగిలేది? మేస్త్రీ, ముందు ఇదే మార్చాలంటారా?

టింకరింగ్_మేస్త్రి
ముందు అదే. ఎర్ర రంగు ప్లాస్టిక్కులోనే కలిసి ఉంటాది, పైన పాలిష్ పెడితే పసుపు పొర పోతాదేమో కానీ పోయిన ఎరుపు తిరిగి రాదు. కొత్త లైట్లు వేయించుకో. నీ బండికే తర్వాతి మోడల్లో లోపల నల్ల గిన్నె పెట్టి కంపెనీవాళ్ళే చేసిన లైటు వచ్చిందేమో కనుక్కో. వచ్చుంటే నువ్వు కోరుకునే లుక్కు అదే, వెలుగు గూడా తగ్గదు. లోపలి గిన్నె నల్లగా ఉంటాది, పైన అద్దం మాత్రం స్వచ్ఛంగా. బయట దొరికే డూప్లికేటు స్మోక్ లైట్లు వద్దు. వాటిలో రిఫ్లెక్టర్ గడి ఉన్నట్టు గీతలు గీసి ఉంటారు, టార్చి వేస్తే మెరవదు. కొనేముందు షాపులోనే టార్చి వేసి చూడు.

పీలేరు_పిల్లోడు
రాజన్నా, బంపర్ పట్టీల మీద ఫిల్ము పీకేస్తా. లైట్ల మీది ఇప్పటికి ఉంచుతా, నా అభిప్రాయం మారలేదు. జిగురు ఉంటే ఎట్ల తీసేది?

మొగిలి_ఘాట్_లారీ
సగం మాట విన్నావు, సంతోషం. మిగిలిన సగానికి ఒక రాత్రి నా లారీ క్యాబిన్‌లో కూర్చో, మొగిలి దాకా తీసుకుపోతా.

పీలేరు_పిల్లోడు
టీ ఇప్పిస్తే వస్తానన్నా.

రేడియం_రాజా
ఎండలో బండి పెట్టి ఫిల్ము వెచ్చబడినాక ఒక మూల గోరుతో లేపి, నీ తట్టు లాక్కోకుండా లైటుకి ఆనించి వెనక్కి మడిచి మెల్లగా లాగు. జిగురు మిగిలితే కొబ్బరినూనె రాసి కాసేపు వదిలెయ్, తర్వాత వేలితో రుద్దితే ఉండలు కట్టి వస్తాది. పైన షాంపూ నీళ్ళు. మేస్త్రి చెప్పినట్టు టిన్నరు, పెట్రోలు వద్దే వద్దు. బ్లేడుతో గీకొద్దు, రిఫ్లెక్టర్ మీద గీత పడితే ఆ గీత దగ్గర వెలుగు చెదిరిపోతాది.

తెల్లబండి_తిరపతి
తర్వాతి మోడల్ లైటు దొరికింది, లోపల నల్ల గిన్నెదే. షాపులోనే టార్చి వేసి చూసినా, రిఫ్లెక్టర్ గడి మెరిసింది. కనెక్టరు పాతదానికే పడతాదా? ఇంకా లైటు వెనక స్పాంజి వాషర్ పాతదే వాడుకోవచ్చా?

టింకరింగ్_మేస్త్రి
కనెక్టరు పిన్నులు లెక్కపెట్టుకుని చూడు, సంఖ్య, వరస రెండూ ఒకటే ఉండాల. స్పాంజి మాత్రం కొత్తది వెయ్. పాతది నొక్కుకుపోయి ఉంటాది, వానకి నీళ్ళు డిక్కీలోకి దిగుతాయి. బిగించినాక ఒకరిని బ్రేకు తొక్కమని, నువ్వు వెనక నిలబడి పార్కింగు, బ్రేకు, ఇండికేటరు, రివర్సు ఒక్కొక్కటీ వెలుగుతా ఉండాయా లేదా చూసుకో.